బయట వైశాఖం, గుమ్మంలో శ్రావణం: పాత రాతి ద్వారంతో ఒక అధివాస్తవిక దృశ్యాన్ని తైలవర్ణాల్లో చిత్రించడం

వేసవిలో శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం వెళ్లి వంశధార నది గట్టు మీద నిలబడితే కనుచూపు మేర ఇసుకే కనిపిస్తుంది. వర్షాకాలంలో అదే చోట గట్టును ఒరుసుకుంటూ మట్టిరంగు నీరు పారుతుంది. చోటు ఒకటే అయినా రెండు వేర్వేరు లోకాలను చూసినట్టుంటుంది. ఆ రెండింటినీ ఒక పాత రాతి ద్వారం సాయంతో ఒకే కాన్వాస్ మీద ఎలా కలపవచ్చో ఇక్కడ అంచెలంచెలుగా వివరిస్తాను. మనం వేయబోయే దృశ్యంలో ఎండిన ఏటి ఇసుకలో గోడలేవీ లేకుండా ఒక రాతి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ మండే వైశాఖపు సాయంత్రం ఉంటుంది. ద్వారం లోపల మాత్రం శ్రావణమాసపు వరద పారుతూ ఉంటుంది. కొలతలన్నీ 90 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కాన్వాస్‌కు ఇస్తున్నాను. నూనె రంగులతో ఇదివరకే ఒకటి రెండు చిత్రాలు వేసి చూసినవారు ఈ పనిని ధైర్యంగా మొదలుపెట్టవచ్చు.

అసాధ్యం ఒక్కటే ఉండాలి

1924లో ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెతాన్ పారిస్‌లో సర్రియలిజం (అధివాస్తవికత) ప్రకటన వెలువరించినప్పుడు కలకూ మెలకువకూ మధ్య ఉన్న గోడను తీసేయడం గురించి మాట్లాడాడు. చిత్రకారుడికి అక్కడ వెంటనే ఒక సాంకేతిక ప్రశ్న ఎదురవుతుంది: కలను నమ్మించడం ఎలా? దానికి సమాధానం బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ 1959లో వేసిన ఒక చిత్రంలో స్పష్టంగా దొరుకుతుంది. అందులో సముద్రం మీద ఒక పెద్ద బండరాయి గాలిలో నిలిచి ఉంటుంది, దాని నెత్తి మీద రాతి కోట ఉంటుంది. బండ బండలాగే బరువుగా ఉంటుంది, అలలు అలల్లాగే విరుగుతాయి, మేఘాలు పగటి మేఘాలే. బండ కింద ఆధారం లేకపోవడం ఒక్కటే అందులో జరగడానికి వీల్లేని సంగతి.

కొత్తగా ఈ దారిలోకి వచ్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకే చిత్రంలో పది వింతలు పెట్టడం. ఎగిరే చేపలు, చెట్లకు కళ్లు, కరిగే కొండలు అన్నీ కలిపి పెడితే చూసేవారికి నమ్మడానికి ఏమీ మిగలదు, నమ్మకం లేనిచోట ఆశ్చర్యం కూడా పుట్టదు. కాబట్టి మొదట కాగితం మీద ఒకే వాక్యంలో మీ అసాధ్యాన్ని రాసుకోండి. మన వాక్యం ఇది: ద్వారం లోపల వేరే రుతువు ఉంది. ఆ వాక్యం నిజమైతే ఇంకా ఏమేమి నిజం కావాలో దాని కింద రాయండి. అసాధ్యం ఒక్కటే అయినా దాని పర్యవసానాలు ఎన్నయినా ఉండవచ్చు, ఉండాలి కూడా.

మన దృశ్యానికి నాకు మూడు పర్యవసానాలు తోచాయి. వరద నీరు గడప దాటి కొంత ఇసుకను తడుపుతుంది. వాన మబ్బుల కిందినుంచి వచ్చే చల్లని బూడిదరంగు వెలుగు ద్వారబంధం లోపలి ముఖం మీద పడుతుంది. మూడోది నాకు చాలా ఇష్టమైనది: బయటి ఎండ గుమ్మంలోకి దూరితే అది శ్రావణంలోకే వెళ్లిపోతుంది కదా, కాబట్టి ద్వారం వెనక ఉన్న ఇసుక మీదకు ఆ ఎండ రాదు. అంటే ద్వారం నీడలో ఖాళీ ఉండదు, నిండు గోడకు పడినట్టు నీడ మొత్తం ఒకే ముక్కగా పడుతుంది. చూసేవారిలో చాలామంది దీన్ని విడిగా గుర్తించరు, అయినా ఎక్కడో ఏదో తేడాగా ఉందన్న భావన వారిని చిత్రం ముందు మరికాసేపు నిలబెడుతుంది.

రాయిని చూడటం

ఈ పనికి కనీసం రెండు రోజులు కేటాయించండి. ఫోటోలు చూసి రాయి వేస్తే అది తరచు సిమెంటులా తయారవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండేవారికి పాత రాతి కోసం దూరం పోవలసిన పని లేదు. తూర్పు గాంగ రాజుల కాలపు కళింగ ఆలయ నిర్మాణ శైలికి మన వైపున్న గొప్ప ఉదాహరణ శ్రీముఖలింగం. అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూడవలసినవే. మధుకం అంటే ఇప్పచెట్టు, స్వామి ఇప్పచెట్టులో వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేకపోవడం వల్ల శిఖరం వంపు అడుగు నుంచి పైనున్న ఆమలకం (శిఖరం తల మీద ఉండే గుండ్రని గాళ్ల రాయి) దాకా అడ్డం లేకుండా కనిపిస్తుంది, బొమ్మ నేర్చుకునేవారికి ఇది పెద్ద సౌకర్యం. మధుకేశ్వరాలయంలో ద్వారబంధాల మీద చెక్కిన లతల పట్టీలను దగ్గరగా చూడండి. శాలిహుండం కొండ మీద బౌద్ధ కట్టడాల శిథిలాల్లో ఇటుక, రాయి పక్కపక్కనే ఎలా పాతబడతాయో గమనించవచ్చు. విజయనగరం కోట 1713లో మొదలైంది. దాని గోడల్లో రాయికీ రాయికీ మధ్య సున్నం ఎలా ఊడిందో చూస్తే అతుకులు వేయడం వస్తుంది. అదే ఊళ్లోని 1885 నాటి గంటస్తంభం ఎనిమిది పలకలది. ఒకే రాయి, ఒకే ఎండ అయినా ఒక్కో పలక ఒక్కో రంగులో కనిపిస్తుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని ముందు నిలబడి పలకల వెలుగునీడలను పెన్సిలుతో నమోదు చేసుకోవడం మంచి సాధన.

వీటిలో ఏ కట్టడాన్నీ ఉన్నది ఉన్నట్టుగా కాన్వాస్ మీదకు దింపవద్దని నా సలహా. అందరికీ తెలిసిన గుడిని తెచ్చి ఇసుకలో నిలబెడితే చూసేవారి ధ్యాస గుడిని గుర్తుపట్టడంలోనే ఆగిపోతుంది. ఒకచోటి నిష్పత్తి, మరొకచోటి పగుళ్లు, ఇంకొకచోటి నాచు తీసుకుని మీ ద్వారాన్ని మీరే కట్టుకోండి. శ్రీముఖలింగం ఆలయాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ నిత్యపూజలూ జరుగుతాయి. కాగితం రాతికి ఆనించి బొగ్గుతో రుద్ది అచ్చు తీయడం వంటివి చేయకూడదు. ఒక పక్కన కూర్చుని, దారికి అడ్డం లేకుండా, పెన్సిలుతో గీసుకోవాలి.

స్కెచ్ పుస్తకంలో గీతలకన్నా మాటలే ఎక్కువ రాయండి. ఒక రాతిని తీసుకుని దాని ముందు అరగంట గడపండి. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఖొండలైట్ జాతి రాయి ఎండకూ వానకూ మాగి ఇటుకరంగు, తేనెరంగు చారలు తేలుతుంది. ఎండ తగిలే ముఖం మనం అనుకున్నంత తెల్లగా ఉండదు. నీడలో ఉన్న ముఖమూ మనం అనుకున్నంత నల్లగా ఉండదు. మరో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నీడలో ఉన్న రాతి భాగాల్లో పైకి చూసే తలాలు ఆకాశం వల్ల నీలంగా కనిపిస్తాయి, కిందికి చూసే తలాలు ఇసుక నుంచి ఎగసిన వెలుగు వల్ల వెచ్చగా, పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటాయి. ఈ ఒక్క గమనిక మీ రాతికి బరువు తెస్తుంది. నీడ అంతటికీ ఒకే ముదురు రంగు పూస్తే మాత్రం ద్వారం అట్టముక్కలా కనిపిస్తుంది.

ఎండ ఎటునుంచి, ఎంత ఎత్తునుంచి

శ్రీకాకుళం ఉత్తర అక్షాంశం 18.3 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల మే నెల నడుమ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు వస్తువులకు నీడే ఉండదు. ఆ వేళ వేసిన స్కెచ్ మనకు పనికిరాదు. సాయంత్రం 4 గంటలయ్యేసరికి సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు, అప్పుడు వస్తువు ఎత్తుకు సుమారు 1.7 రెట్ల పొడవు నీడ పడుతుంది. మన చిత్రానికి ఆ వేళను నిర్ణయించుకుందాం. సూర్యుడు మనకు ఎడమవైపున, వెనకగా, ద్వారం ముఖానికి 45 డిగ్రీల ఏటవాలులో ఉన్నాడనుకోవాలి. చెక్కడం ఏటవాలు వెలుగులోనే తేలి కనిపిస్తుంది, ఎదురు వెలుగులో చదునైపోతుంది.

సామగ్రి

గట్టి నేత ఉన్న నూలు కాన్వాస్ చాలు. తయారుగా దొరికే ప్రైమర్ పూసిన కాన్వాస్ తీసుకున్నా, దాని మీద అక్రిలిక్ గెస్సో (రంగుకు పట్టునిచ్చే తెల్లని అడుగు పూత) మరో రెండు పొరలు పూసి, ప్రతి పొర ఆరాక సన్నని ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దండి. ఇళ్ల తలుపులకు వేసే ఎనామిల్ పెయింటును ప్రైమర్‌గా ఎప్పుడూ వాడవద్దు. చవకగా వస్తుందని ఒకసారి నేనలా చేశాను. రెండో ఏడాదికి ఆకాశం భాగమంతా పెచ్చులుగా లేచిపోయింది, నాలుగు నెలల పని పోయింది. నున్నటి ఎనామిల్ మీద నూనె రంగుకు పట్టు దొరకదు.

రంగులు ఎనిమిది చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, రా అంబర్, బర్న్ట్ సియన్నా, అల్ట్రామెరైన్ బ్లూ, విరిడియన్, అలిజరిన్ క్రిమ్సన్, ఐవరీ బ్లాక్. తెలుపు పెద్ద ట్యూబు కొనండి. పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు మూడు, మెత్తని రౌండ్ బ్రష్‌లు రెండు, ఒక పాలెట్ నైఫ్, చేతిగుడ్డలు, పాత గోనెసంచి ముక్క ఒకటి, పలచని పాలిథిన్ కాగితం దగ్గర పెట్టుకోండి.

నూనె విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. తైలవర్ణం నీరులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడటం వల్ల ఆరుతుంది. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె, ఆముదం అలా గట్టిపడవు, వాటిని కలిపితే చిత్రం ఏళ్ల తరబడి జిగటగానే ఉండిపోతుంది. టర్పెంటైన్ బదులు కిరోసిన్ కూడా వాడకూడదు. చిత్రకారుల కోసం శుద్ధి చేసిన అవిసె నూనె (లిన్సీడ్ ఆయిల్), శుద్ధమైన టర్పెంటైన్ తెచ్చుకోండి. కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలన్నది మార్చడానికి వీల్లేని నియమం. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే, పై పొర ముందే ఆరి, కింది పొర ఇంకా కదులుతుండగా పగిలిపోతుంది. అందుకే మొదటి పొరకు టర్పెంటైన్ మాత్రమే, రెండో పొరకు ఒక వంతు నూనెకు మూడు వంతుల టర్పెంటైన్, చివరి పొరలకు రెండూ సమానంగా కలిపి సీసాలు మూడు విడివిడిగా చీటీ అంటించి పెట్టుకోండి.

మరో హెచ్చరిక. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక అవి వాటంతట అవే అంటుకోగలవు. పని అయ్యాక వాటిని ఆరుబయట పరచి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి. కిటికీలు తెరిచి పనిచేయండి.

కాన్వాస్ మీద గీతలు

కొలతలు విసుగనిపించవచ్చు. కానీ ఈ చిత్రంలో కలను నిలబెట్టేది ఈ భాగమే.

కింది అంచు నుంచి 22 సెంటీమీటర్ల ఎత్తున క్షితిజరేఖ గీయండి. నిలబడి చూసే మనిషి కంటి ఎత్తు 1.5 మీటర్లు, ద్వారానికి అతని దూరం 10 మీటర్లు అనుకుందాం. మన ద్వారం మొత్తం ఎత్తు 4.5 మీటర్లు. చదును నేల మీద ఉన్న ఏ వస్తువునైనా క్షితిజరేఖ చూసేవారి కంటి ఎత్తు దగ్గరే కోస్తుంది కాబట్టి, ద్వారాన్ని అది అడుగు నుంచి మూడో వంతు దగ్గర కోయాలి. ద్వారాన్ని కాన్వాస్ మీద 30 సెంటీమీటర్ల ఎత్తు వేస్తే, దాని అడుగు కింది అంచు నుంచి 12 దగ్గర, తల 42 దగ్గర వస్తాయి. అడ్డంగా అది ఎడమ అంచు నుంచి 20 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య నిలబడుతుంది. గడప ఎత్తు 2 సెంటీమీటర్లు. దాని పైన ఖాళీ 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు, అంటే వెడల్పుకు ఎత్తు రెట్టింపు. మన పాత గుళ్ల ద్వారాల్లో తరచు కనిపించే నిష్పత్తి ఇదే, కంటికి హాయిగా ఉంటుంది. మిగిలిన పై 8 సెంటీమీటర్లలో రాతి దూలమూ దాని పైన విరిగిన ఒకటి రెండు వరుసల రాళ్లూ ఉంటాయి.

దూరం పోయే గీతలన్నీ క్షితిజరేఖ మీద కాన్వాస్ నడిమి బిందువు దగ్గర, అంటే 45 సెంటీమీటర్ల దగ్గర కలుస్తాయి. ద్వారం దానికి ఎడమవైపున ఉంది కాబట్టి, ఎడమ నిలువు రాయి లోపలి ముఖం మనకు సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున కనిపిస్తుంది, కుడి రాయి లోపలి ముఖం కనిపించదు. కొందరు రెండువైపులా లోపలి ముఖాలు చూపిస్తారు, అప్పుడు ద్వారం నేల మీద నిలబడినట్టు ఉండదు.

నీడ గీయడానికి, పై లెక్క ప్రకారం ద్వారం తల నీడ మధ్యభాగం ఎడమ అంచు నుంచి సుమారు 59 సెంటీమీటర్ల దగ్గర, ద్వారం అడుగు కంటే మూడున్నర సెంటీమీటర్లు పైగా పడుతుంది. దూరం పోయే కొద్దీ చిన్నదవుతుంది కాబట్టి అక్కడ నీడ వెడల్పు 13 సెంటీమీటర్లు ఉంటే చాలు. అడుగు రెండు మూలల నుంచి ఆ రెండు చివరలకు గీతలు కలపండి. పైన విరిగిన రాళ్ల అంచును నీడ అంచులో కూడా చూపించండి. లోపల ఖాళీ మాత్రం వదలవద్దు.

ఇప్పుడు ద్వారం లోపలి దృశ్యం. వరదకు అవతలి గట్టు, దాని మీద తాటిచెట్లు కావాలి. అక్కడి క్షితిజరేఖ బయటి క్షితిజరేఖతో సరిగ్గా ఒకే ఎత్తున ఉండాలి. ఇది నేను ఎన్నో చిత్తు బొమ్మలు వేశాక గాని అర్థం చేసుకోలేదు. లోపలి క్షితిజం ఒక్క సెంటీమీటరు పైకో కిందికో జరిగితే, ద్వారంలో ఎవరో పటం తగిలించినట్టు కనిపిస్తుంది. రెండూ కలిసినప్పుడే అది మనిషి అడుగు పెట్టి వెళ్లగల చోటుగా మారుతుంది. తాటిచెట్ల కొలత కూడా లెక్క ప్రకారమే రావాలి. 300 మీటర్ల దూరాన ఉన్న 15 మీటర్ల తాటిచెట్టు ఈ కాన్వాస్ మీద సుమారు 3.3 సెంటీమీటర్లే ఉంటుంది.

అడుగు రంగు, వెలుగునీడలు

ఎల్లో ఓకర్‌లో కొద్దిగా బర్న్ట్ సియన్నా కలిపి, టర్పెంటైన్‌తో టీ నీళ్లంత పలచన చేసి, కాన్వాస్ మొత్తం పూసి గుడ్డతో తుడవండి. వేసవి వేడి అడుగు నుంచే వస్తుంది. ద్వారం ఖాళీలో మాత్రం టర్పెంటైన్ అద్దిన శుభ్రమైన గుడ్డతో ఆ రంగును పూర్తిగా తీసేసి తెల్లని నేల బయటపడేలా చేయండి. లోపలి చల్లని బూడిదరంగులు వెచ్చటి అడుగు మీద పడితే బురదగా మారతాయి.

అది ఆరాక రా అంబర్ ఒక్కదానితోనే, టర్పెంటైన్ కలిపి, చిత్రం మొత్తాన్ని ఐదు మెట్ల వెలుగునీడలుగా వేయండి, ఒకటో మెట్టు అన్నిటికన్నా లేత, ఐదోది అన్నిటికన్నా ముదురు. రా అంబర్ త్వరగా ఆరుతుంది, అందుకే ఈ పొరకు అది తగినది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ నెమ్మదిగా ఆరతాయి, కింది పొరల్లో వాటిని పెట్టకూడదు. కింది ఆకాశం మొదటి మెట్టు, ఎండ పడిన ఇసుక రెండో మెట్టు, ఎండ పడిన రాయి రెండుకూ మూడుకూ నడుమ, నీడలోని రాయి నాలుగు. ఐదో మెట్టును రాళ్ల అతుకుల లోతులకు, గడప కింది చీలికకు మాత్రమే దాచుకోండి. ద్వారం లోపలి దృశ్యమంతా మూడో మెట్టు చుట్టూనే తిరగాలి. మబ్బు పట్టిన రోజున తేడాలు తక్కువగా ఉంటాయి, నీడలకు అంచులు ఉండవు. బయటి కరకు వెలుగుకూ లోపలి మెత్తని వెలుగుకూ మధ్య ఉన్న ఈ తేడాయే రంగు పడకముందే రెండు రుతువులను వేరుచేస్తుంది. ఈ దశలో పదడుగుల దూరం నుంచి చూసి తృప్తి కలగకపోతే ముందుకు పోవద్దు. ఇక్కడ తప్పిన బొమ్మను తర్వాత రంగు సరిదిద్దదు.

ఆకాశం, ఇసుక

వైశాఖపు ఆకాశం ముదురు నీలం కాదు. పైన అల్ట్రామెరైన్, తెలుపు, చిటికెడు రా అంబర్ కలిపి మసకనీలం వేయండి. కిందికి వచ్చే కొద్దీ తెలుపు, ఓకర్ పెంచుతూ దుమ్ము పట్టిన పాలరంగులోకి తీసుకురండి. దూరపు కొండలు ఆకాశం కన్నా ఒక్క మెట్టే ముదురుగా ఉండాలి. ఇసుకకు ముందువైపు ఓకర్, తెలుపు, కొద్దిగా సియన్నా వాడండి, దూరం పోయే కొద్దీ సియన్నా తగ్గించి నీలం రవ్వంత కలపండి. గాలి గీసిన చారలను ముందువైపు వెడల్పుగా, దూరాన దగ్గరదగ్గరగా వేస్తే నేల చదునుగా పడుకుంటుంది.

రాయి

ఒక్కొక్క రాయిని విడిగా వేయండి. మొదట ద్వారం మొత్తాన్ని మూడు రంగుల్లో కప్పండి. ఎండ ముఖానికి తెలుపు, ఓకర్, కొద్దిగా బర్న్ట్ సియన్నా కావాలి. నీడ ముఖానికి రా అంబర్, అల్ట్రామెరైన్, అలిజరిన్ చుక్క, కొంచెం తెలుపు కలపండి. నడిమి రంగు ఈ రెండింటి కలయిక. ఇది తడిగా ఉండగానే పాలిథిన్ కాగితం ముక్కను నలిపి ఒక రాయి మీద ఒత్తి, ఒక్క ఊపున ఎత్తండి. రంగు చీలి, నాచూ చెదలూ తిన్నట్టు, నీళ్లు కోసినట్టు గీతలు తేలుతాయి. ఆస్కార్ డొమింగెజ్ 1930ల్లో సర్రియలిస్టుల మధ్యకు తెచ్చిన డెకాల్కోమానియా పద్ధతి ఇదే, దీన్ని తైలవర్ణాల్లో శిథిలాలు వేయడానికి సర్రియలిస్టు చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ ఎంతో బాగా వాడుకున్నాడు. ప్రతి రాయికీ ఇదే చేస్తే అన్నీ ఒకే రాయిలా ఉంటాయి. మూడింటిలో ఒకదానికి చేస్తే చాలు. సున్నం ఊడిన అతుకుల దగ్గర గోనెసంచి ముక్కను తడి రంగు మీద తేలిగ్గా అద్దితే సరైన గరుకుతనం వస్తుంది.

ఈ పొర ఆరాక ఒక్క రాయిని దగ్గరగా తీసుకుందాం. గడపకు ఎడమవైపు, నిలువు రాయి అడుగుభాగం. దాని పై అంచున గోరంత మందాన ఎండ అంచు ఉంది, అక్కడ దాదాపు శుద్ధమైన తెలుపులో ఓకర్ చుక్క కలిపి మందంగా పెట్టండి. ఆ అంచు ఒకేలా సాగకూడదు, ఏళ్ల తరబడి చేతులు తగిలి అరిగిన చోట గుండ్రంగా మెత్తబడాలి, పెచ్చు ఊడిన చోట తెగిపోవాలి. అంచు కింద నిలువు ముఖం మీద లత చెక్కడం ఉంది. లత పైకి తేలిన భాగానికి ఎడమవైపు వెలుగు, కుడివైపు సన్నని నీడ ఇస్తే చాలు, ప్రతి ఆకునూ పూర్తిగా గీయనక్కరలేదు. మూడు ఆకులు స్పష్టంగా, తక్కినవి సూచనగా ఉంటే కన్ను తనే పూరించుకుంటుంది. రాయి ఇసుకను తాకే చోట ముదురు గీత పెట్టవద్దు. అక్కడ ఇసుక కొంచెం ఎక్కి రాతి మీదకు వచ్చి ఉంటుంది, దాని నుంచి ఎగసిన వెచ్చని వెలుగు రాతి అడుగును నారింజ కలిసిన గోధుమరంగుగా మారుస్తుంది. ఈ వెలుగు పడిన రాయి ఎన్ని వందల ఏళ్లుగానో అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది.

ద్వారం లోపల

లోపలి ఆకాశానికి తెలుపు, ఐవరీ బ్లాక్, విరిడియన్ చుక్క, రా అంబర్ చుక్క కలపండి. మబ్బులు బరువుగా, అడుగు చదునుగా ఉండాలి. వరద నీటికి ఓకర్, రా అంబర్, తెలుపు, కొంచెం అలిజరిన్ సరిపోతాయి. ఆ మట్టిరంగు నీటి మీద ఆకాశపు బూడిదరంగు చారలు అడ్డంగా పరచండి. బ్రష్ మెత్తనిది వాడండి, అంచులన్నీ తడి మీద తడిగా కలిసిపోనివ్వండి. వాన ధారలను తెల్లగీతలుగా గీయవద్దు. అవతలి గట్టు మీది తాటిచెట్లను పొడి బ్రష్‌తో ఒకసారి కిందికి ఈడిస్తే వాన తెర దానంతటదే వస్తుంది.

ఇక పర్యవసానాలు. ఎడమ నిలువు రాయి లోపలి ముఖానికి ఎండ తగలదు, అక్కడ లోపలి ఆకాశపు బూడిదరంగే పడుతుంది. ద్వారంలో ఒక్క సెంటీమీటరు వెడల్పున్న ఆ పట్టీ బయటి వెచ్చని రాతి పక్కన వెన్నెల తగిలినట్టు చల్లగా ఉండాలి. ఖాళీ కుడి కింది మూలలో, గడపకు ఆనుకుని, వరద నీటి మీద బయటి నుంచి దూరిన ఎండ ఒక చిన్న చారికగా పడుతుంది. దానికి ఓకర్ కలిసిన తెలుపుతో మూడు నాలుగు అద్దులు చాలు. గడప మీదుగా నీరు సన్నని పొరగా జారి ఇసుకలోకి దిగుతుంది. తడిసిన ఇసుక రంగు పొడి ఇసుక రంగే, రెండు మెట్లు ముదురు, కాస్త నిగనిగ. ఆ తడి మరక గడప నుంచి బయటికి 5 సెంటీమీటర్లు మించకూడదు. దాని అంచు మొదట ముదురుగా, తర్వాత మసకగా, చివరికి పొడి ఇసుకలో కలిసిపోవాలి, ఎందుకంటే వైశాఖం ఆ నీటిని అంతకన్నా ముందుకు పోనివ్వదు. ఇంకా ముందుకు పారించాలని చేయి లాగుతుంది, ఆపుకోండి. ఏరు పారిందంటే రెండో అసాధ్యం మొదలైనట్టే.

పై పూతలు

అన్ని పొరలూ చేతికి అంటనంతగా ఆరాక, అంటే కనీసం రెండు మూడు వారాల తర్వాత, గ్లేజులు వేయాలి. సమానంగా కలిపిన నూనె, టర్పెంటైన్‌లో రవ్వంత రంగు కలిపి పారదర్శకంగా పూయడమే గ్లేజు. ద్వారం నీడ మీద అల్ట్రామెరైన్, అలిజరిన్ కలిపిన పలచని గ్లేజు ఒకటి వేయండి, కింది ఇసుక చారలు అందులోంచి కనిపిస్తూ ఉండాలి. ఎండ పడిన రాతి మీద అక్కడక్కడ బర్న్ట్ సియన్నా గ్లేజు వేసి గుడ్డతో తుడిస్తే అది చెక్కడం గుంటల్లో మాత్రమే నిలుస్తుంది. చివరగా పొడి తెలుపు, ఓకర్‌ను గట్టి బ్రష్‌తో దాదాపు పొడిగా రాతి అంచుల మీద ఈడ్చి, ఇసుక ధూళి పట్టిన భావం తీసుకురండి.

ఆరబెట్టడం, వార్నిష్

మన తీరప్రాంతపు ఉక్కపోతలో కాన్వాస్ వెనక బూజు పట్టడం సాధారణం. చిత్రాన్ని గోడకు ఆనించి ఉంచకుండా, వెనక నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, గాలి ఆడే గదిలో పెట్టండి. బీరువాలోనో, చీకటి గదిలోనో దాచవద్దు, అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. నేరుగా ఎండ పడకుండా వెలుగు మాత్రం తగలాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కిటికీ పక్క నుంచి తీసి లోపలి గోడకు మార్చడం మరవకండి.

మందంగా రంగు పెట్టిన ఎండ అంచులు లోపలి దాకా ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. వేసవిలో మొదలుపెట్టిన చిత్రానికి వచ్చే వేసవికి ముందు, గాలిలో తేమ తక్కువగా ఉన్న ఫాల్గుణంలో వార్నిష్ వేయడం మంచిది. ముందు మూలలో ఒకచోట టర్పెంటైన్ అద్దిన దూదితో తేలిగ్గా తాకి చూడండి. దూదికి రంగు అంటితే ఇంకో నెల ఆగండి. అంటకపోతే చిత్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మెత్తని గుడ్డతో ధూళి తుడిచి, వెడల్పు బ్రష్‌తో వార్నిష్‌ను పైనుంచి కిందికి ఒక్క పొర పలచగా లాగండి. ద్వారం లోపలి భాగానికి మ్యాట్ వార్నిష్, మిగిలిన చిత్రానికి మెరుపు వార్నిష్ వేయాలని అనిపించవచ్చు. నేను వేసి చూశాను. అలా చేస్తే లోపలి దృశ్యం మళ్లీ అతికించిన పటంలా విడిపోయింది. రెండు రుతువులకూ ఒకే వార్నిష్ వేసి, ఒక రోజంతా దుమ్ము పడకుండా గది తలుపు మూసి ఉంచండి.